పీవీ, పార్లమెంటు, మన బరంపురం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో మా ఇంటి ముందుగదిలో ఆదివారం సాయంత్రాలు ఎనిమిది పది మందిమి కూర్చుని పార్లమెంటు చర్చలు చదువుతుంటాం. కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు రిటైరైన ఉపాధ్యాయులు, పట్టుచీరల దుకాణం నడిపే ఒకాయన, గునుపురం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక అమ్మాయి. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి అర్థం విడమరిచే పని నా మీద పడింది. చదివే కొద్దీ ప్రశ్నలు పుట్టుకొస్తున్నాయి. పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి కూడా తెలిసినవాళ్ళు ఫోను చేసి అడుగుతున్నారు. పదే పదే వచ్చేవాటిని ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

పీవీ నరసింహారావు గారిది వరంగల్లు ప్రాంతం కదా, బరంపురంతో ఆయనకు సంబంధం ఏమిటి?

పుట్టింది వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో, 1921 జూన్ 28న. దత్తత వెళ్ళి పెరిగిన ఊరు అప్పటి కరీంనగర్ జిల్లా వంగర. కానీ ఆయన లోక్‌సభ జీవితంలో సగానికి దగ్గర దగ్గరగా తెలుగు రాష్ట్రం ఎల్లలు దాటే సాగింది. 1977లో, 1980లో హనుమకొండ నుంచి గెలిచారు. 1984లో హనుమకొండతో పాటు మహారాష్ట్రలోని రాంటెక్‌లోనూ నిలబడితే సొంతగడ్డ ఓడించింది, రాంటెక్ గెలిపించింది. 1989లో మళ్ళీ రాంటెక్. ప్రధాని అయ్యాక 1991 నవంబరు ఉపఎన్నికలో నంద్యాల. 1996లో నంద్యాల, బరంపురం రెండుచోట్లా గెలిచి, నంద్యాలను వదులుకుని బరంపురాన్ని ఉంచుకున్నారు. అప్పుడు ఒడిశాలో జానకీ వల్లభ పట్నాయక్ నాయకత్వంలో కాంగ్రెస్ ప్రభుత్వం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం అధికారంలో ఉంది.

ఆ ఎన్నిక నాడు మా నాన్నగారు ఓటు వేసి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వేలి మీది సిరా చుక్క ఇంకా తడిగానే ఉంది. "కాగితం మీద పేరు ఒడియాలో ఉందిరా. చదివితే మాత్రం తెలుగులా వినిపించింది" అన్నారు. ఆయన జీవితమంతా ఒడియా లిపిలోనే ఓటు వేశారు. ఆ మాట అనడం మాత్రం అదొక్కసారే విన్నాను.

బరంపురం సభ్యుడిగా ఆయన సభలో ఏం మాట్లాడారు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళందరూ మన రైళ్ళ గురించో, గోపాలపురం రేవు గురించో ఆయన గొంతెత్తిన ప్రసంగం ఒకటి చేతికి వస్తుందని ఆశపడతారు. ఆ ఆశతో చదవడం మొదలుపెట్టవద్దని చెబుతాను. పదకొండో లోక్‌సభ బతికింది పద్దెనిమిది నెలలు: 1996 మే నుంచి 1997 డిసెంబరు మొదటి వారం దాకా. మొదటి పక్షం రోజుల్లో, అంటే వాజపేయి తొలి ప్రభుత్వం ఉన్న రోజుల్లో, పీవీ లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు. ఆ ప్రభుత్వం విశ్వాస తీర్మానం మీద చర్చ జరుగుతుండగానే, ఓటింగు దాకా రాకుండా, మే 28న రాజీనామా చేసింది. ఆ తర్వాత ఆయన వెనక్కి జరుగుతూ వచ్చారు. సెప్టెంబరులో కాంగ్రెస్ అధ్యక్ష పదవి పోయింది, డిసెంబరులో పార్లమెంటరీ పార్టీ నాయకత్వం పోయింది. ఆ కాలమంతా ఆయన పేరు వినిపించింది ఎక్కువగా కోర్టు వార్తల్లోనే. 1998లో పార్టీ ఆయనకు టికెట్ ఇవ్వలేదు.

కాబట్టి పార్లమెంటులో పీవీ అంటే చదవవలసింది 1977 నుంచి 1996 దాకా నడిచిన పంతొమ్మిదేళ్ళను. మన ఊరు ఆయన చివరి మజిలీ.

అయితే ఆ పదకొండో లోక్‌సభ కాలంలోనే మన ప్రాంతానికి బాగా దగ్గరి చట్టం ఒకటి వచ్చింది. గిరిజనులు ఎక్కువగా ఉండే షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించే చట్టం, 1996 డిసెంబరు నాటిది. 'పెసా' అని అందరూ పిలిచేది అదే. కోరాపుట్, రాయగడ జిల్లాల్లోనూ గజపతి జిల్లా కొండల్లోనూ గ్రామసభకు ఏ అధికారాలు ఉన్నాయో దాన్నిబట్టే తెలుస్తుంది. అప్పుడు ప్రధాని దేవెగౌడ. ఆ చర్చను కూడా మేము చదివాము. గునుపురం అమ్మాయి తన ఊరి గ్రామసభ ఎలా జరుగుతుందో చెబుతుంటే, ఆ సాయంత్రం చదివినదానికంటే విన్నదే ఎక్కువ.

ఆయన మంత్రిగా ఉన్నప్పటి చర్చల్లో ముఖ్యమైనవి ఏవి?

1978-79లో ప్రజా పద్దుల కమిటీకి అధ్యక్షులు ఆయన. అప్పటికి కాంగ్రెస్ ప్రతిపక్షంలో ఉంది. ప్రభుత్వం పెట్టిన ఖర్చును, ఆడిటర్ నివేదికను పక్కపక్కన పెట్టి చూసే కమిటీ అది. 1980 నుంచి 1984 దాకా విదేశాంగ మంత్రి. 1984లో కొన్ని నెలలు హోం మంత్రి. ఇందిరా గాంధీ హత్య తర్వాత ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగిన రోజుల్లో ఆ శాఖ ఆయన చేతిలోనే ఉందన్నది మరవకూడని విషయం. తర్వాత రక్షణ శాఖ.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1986 నాటి జాతీయ విద్యా విధానం. మానవ వనరుల అభివృద్ధి శాఖ పేరుతో కొత్తగా ఏర్పడిన శాఖకు ఆయనే తొలి పూర్తికాల మంత్రి. ఆ విధానాన్ని పార్లమెంటు 1986 మే నెలలో చర్చించి ఆమోదించింది. నవోదయ విద్యాలయాలు, ఒకే గది ఉన్న బడికి కనీసం రెండు గదులూ ఇద్దరు ఉపాధ్యాయులూ ఉండాలన్న నల్లబల్ల పథకం, బడిలో మూడు భాషలు నేర్పాలన్న త్రిభాషా సూత్రం కొనసాగింపు అన్నీ అందులోవే. సరిహద్దు జిల్లాలో ఒడియా, తెలుగు, హిందీ, ఇంగ్లీషు నాలుగింటి మధ్య నలిగే పిల్లవాడికి త్రిభాషా సూత్రం పుస్తకంలోని మాట కాదు. మా బడిలో తెలుగు పంతులు రిటైరైతే ఆ ఖాళీ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయేది. ఆ గదిలో నిలబడి పాఠం చెప్పినవాడిగా ఆ చర్చ పుటలు చదువుతుంటే ఒక్కో వాక్యం దగ్గర ఆగిపోతాను.

1991లో ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదంటారు. అలాంటప్పుడు పార్లమెంటులో ఎలా మాట్లాడారు?

నిజమే. 1991 ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు. జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేశారు, నంద్యాల ఉపఎన్నిక నవంబరులో జరిగింది. సభ్యుడు కానివాడు ఆరు నెలల దాకా మంత్రిగా ఉండవచ్చని రాజ్యాంగం 75వ అధికరణం చెబుతుంది. 88వ అధికరణం ప్రకారం మంత్రి ఏ సభలోనైనా మాట్లాడవచ్చు. సభ్యత్వం లేనిచోట ఓటు మాత్రం వేయకూడదు. జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివినప్పుడు, అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం సభ ముందుకు వచ్చినప్పుడు, ప్రధానికి లోక్‌సభలో ఓటు లేదు. పరిశ్రమల శాఖ ఆయన దగ్గరే ఉన్నా ఆ విధాన ప్రకటనను సభ ముందుంచింది సహాయమంత్రి.

విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంతే మిగిలిన రోజులవి. జులై మొదటి మూడు రోజుల్లో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు. బంగారం దేశం దాటి తాకట్టుకు వెళ్ళింది. ఆ వర్షాకాల చర్చల్లో ప్రతిపక్షం అడిగిన ప్రశ్నలు కూడా గట్టివే. అటువైపు మాటలను వదిలేసి ప్రధాని జవాబులు మాత్రమే చదివితే సగం చర్చ చదివినట్టే.

1993 జులై అవిశ్వాస తీర్మానం గురించి చాలా విన్నాం. అసలు ఏం జరిగింది?

పీవీ ప్రభుత్వం అయిదేళ్ళలో మూడు అవిశ్వాస తీర్మానాలను ఎదుర్కొంది. మూడోది ఇది. సి.పి.ఎం. సభ్యుడు అజయ్ ముఖోపాధ్యాయ్ జులై 26న ప్రవేశపెట్టారు. అప్పుడు లోక్‌సభలో ఉన్న సభ్యులు 528 మంది. కాంగ్రెస్ బలం 251. మామూలు మెజారిటీకి 14 తక్కువ. 28న ఓటింగు జరిగింది. తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. ప్రభుత్వం నిలబడింది.

తర్వాత వచ్చిన ఆరోపణ అందరికీ తెలిసిందే. ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకూ మరికొందరికీ డబ్బు ముట్టిందని కేసు నడిచింది. సభలో మాట్లాడిన మాటకు, వేసిన ఓటుకు కోర్టులో జవాబు చెప్పనక్కర్లేదన్న 105వ అధికరణం అడ్డుపెట్టుకుని, లంచం తీసుకుని ఓటు వేసినవారికి రక్షణ ఉందని సుప్రీంకోర్టు 1998లో అయిదుగురిలో ముగ్గురి మెజారిటీతో తీర్పు చెప్పింది. ఇచ్చినవారికి ఆ రక్షణ లేదంది. 2000లో ప్రత్యేక న్యాయస్థానం పీవీని దోషిగా తేల్చింది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. ఆ 1998 తీర్పు తప్పని, లంచానికి సభా హక్కు గొడుగు పట్టదని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న ఏకగ్రీవంగా చెప్పింది.

పీవీ అంటే నాకు చాలా గౌరవం. అయినా ఈ ప్రశ్నను మెల్లగా దాటవేయమని ఎవరైనా సూచిస్తే ఒప్పుకోను. ఆ మూడు రోజుల చర్చ ముద్రిత రూపంలో ఉంది. వాదన బలంతో ఎన్ని ఓట్లు వచ్చాయి, మరోలా ఎన్ని వచ్చాయి అన్నది పుటల్లో కనిపించదు. కానీ వాదన కనిపిస్తుంది. దాన్ని చదివాకే కోర్టు తీర్పులు చదవాలి.

బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత సభలో ఆయన ఏమని సమాధానం చెప్పారు?

1992 డిసెంబరులో వాజపేయి ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానం 111కు 336 ఓట్లతో వీగిపోయింది. ఆ చర్చలో, ఆ తర్వాతి శ్వేతపత్రంలో ప్రభుత్వం వినిపించిన వాదన ఇది: ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకూ జాతీయ సమైక్యతా మండలికీ హామీ ఇచ్చింది, ఎన్నికైన ప్రభుత్వాన్ని ముందుగానే రద్దు చేసి, రాష్ట్రపతి పాలన విధించే 356వ అధికరణం ప్రయోగించడానికి రాజ్యాంగం అంత తేలిగ్గా ఒప్పుకోదు. చట్టం చదువుకున్నవాడి జవాబు అది. వాదనగా బిగువుగానే ఉంటుంది. ఆ డిసెంబరు నాడు దేశానికి తగిలిన గాయం ముందు మాత్రం ఆ బిగువు చాలలేదన్నది నా అభిప్రాయం. మా ఆదివారాల్లో దీనిమీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

ఆయన్ను మౌనముని అంటారు కదా, అలాంటి మనిషి ప్రసంగాల్లో చదవడానికి ఏముంటుంది?

చాలా ఉంటుంది. బయట మాట్లాడని మనిషి సభలో లేచి నిలబడితే పొదుపుగా ఏమీ మాట్లాడేవారు కాదు. చరిత్రలోకి వెళ్ళి, అక్కడినుంచి ఒక్కో మెట్టూ దిగి ప్రస్తుత విషయం దగ్గరికి వచ్చేవారు. గొంతు పెంచడం అరుదు. తెలుగు, హిందీ, ఉర్దూ, మరాఠీ, సంస్కృతం, ఇంగ్లీషు, స్పానిష్ తెలిసినవాడు కాబట్టి మాటను ఎక్కడ ఆపాలో, ఎక్కడ సాగదీయాలో తెలుసు. పొడుగు వాక్యం మధ్యలో ఎవరైనా అడ్డు తగిలితే జవాబు చెప్పి, వదిలిన చోటే మళ్ళీ అందుకుంటారు. మొదట్లో మాకు ఇది విసుగు పుట్టించింది. రెండు పుటలు గట్టిగా పైకి చదివాక ఆ నడక చెవికి పట్టింది.

ఆయన మౌనం పని చేసిన చోటు కూడా ఒకటి చెప్పాలి. 1994 ఫిబ్రవరి 22న జమ్మూ కశ్మీర్ మీద రెండు సభలూ ఏకగ్రీవంగా తీర్మానం చేశాయి. ఆ రోజుల్లోనే జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘం ముందు భారత బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజపేయిని పంపించారు. ఏడాది కిందట తన ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టిన మనిషినే! ఆ పేరు ఎంచుకోవడం ఏ పెద్ద ప్రసంగానికీ తీసిపోదు.

మన వీధిలో బస్సు షెల్టర్ మీద 'ఎంపీ నిధులతో' అని రాసి ఉంటుంది. దానికీ పీవీకీ సంబంధం ఉందా?

ఉంది. 1993 డిసెంబరు 23న ఆయన పార్లమెంటులో ప్రకటించిన పథకమే అది. మొదటి ఏడాది ఒక్కో సభ్యుడికి 5 లక్షల రూపాయలు, తర్వాత కోటి, 1998-99 నుంచి రెండు కోట్లు, 2011-12 నుంచి అయిదు కోట్లు. సభ్యుడు పనిని సూచిస్తాడు, మంజూరు చేసి చేయించేది జిల్లా యంత్రాంగం.

అదే కాలంలో ఇంతకంటే లోతైన మార్పులు రెండు జరిగాయి. పంచాయతీలకు, పట్టణ పాలక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి ఇచ్చిన 73, 74వ సవరణలు 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొందాయి. రాజీవ్ గాంధీ కాలంలో ఇదే ప్రయత్నం 1989లో రాజ్యసభలో వీగిపోయింది. ఇక 1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలు వచ్చాయి. బిల్లులనూ బడ్జెట్ పద్దులనూ పార్టీల కేకలు లేని గదిలో కూర్చుని పరిశీలించే పద్ధతి అప్పటినుంచి మొదలైంది. ఆ సంఘాల నివేదికలు కూడా చదవండి. సభలో దొరకని నిదానం అక్కడ దొరుకుతుంది.

బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారి గురించి చెప్పరేమిటి?

ఈ ప్రశ్న అడిగేది ఎప్పుడూ మా ఊరి పెద్దవాళ్ళే, వాళ్ళ గొంతులో కొంచెం కోపం కూడా ఉంటుంది. న్యాయమైన కోపమే.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న ఇక్కడే పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారు వకీలు. ఖల్లికోట కాలేజీలో చదివి, ఐర్లండు వెళ్ళి న్యాయశాస్త్రం చదివారు. తిరిగి వచ్చి రైల్వే కార్మికుల్లో పని చేశారు. ఆయన పుట్టినప్పుడు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మన ఊరు ఇటు వచ్చింది. అంతకు ముందే, 1934 నుంచి, ఆయన ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో సభ్యులు. 1952లో తొలి లోక్‌సభకు పాతపట్నం నుంచి ఎన్నికయ్యారు. పర్లాకిమిడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు: మహేంద్రతనయ దాటితే పాతపట్నం. నది ఇటు ఒడ్డు ఒక రాష్ట్రం, అటు ఒడ్డు ఇంకో రాష్ట్రం, సంత మాత్రం ఒక్కటే.

నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా ఆయన పట్టుబట్టిన విషయం ఒకటే. యజమాని, కార్మికుడు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి. ప్రతి తగవునూ ప్రభుత్వం ట్రిబ్యునల్‌కు ఈడ్చకూడదు. అప్పటి కార్మిక చర్చల్లో 'గిరి పద్ధతి' అన్న మాట వినిపించేది దాన్ని గురించే. బ్యాంకు ఉద్యోగుల వేతనాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును మంత్రివర్గం మార్చినప్పుడు, 1954లో, పదవి వదిలేశారు. మాట్లాడిన మాటకు, కూర్చున్న కుర్చీకి మధ్య ఎడం వస్తే కుర్చీని వదిలిన మనిషి. మా ఊరివాడని గొప్ప చెప్పుకోవడానికి నాకు రాష్ట్రపతి భవనం కంటే ఆ రాజీనామా పెద్దదిగా కనిపిస్తుంది.

1967 నుంచి 1969 దాకా ఉపరాష్ట్రపతిగా రాజ్యసభకు అధ్యక్షత వహించారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఆయన ఓడించింది, లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన నీలం సంజీవరెడ్డి గారిని. ఇద్దరూ తెలుగువాళ్ళే.

గునుపురం వాళ్ళం. గిరిధర్ గమాంగ్ ఒక్క ఓటు కథ నిజమేనా?

నిజం. ఆయన కోరాపుట్ నుంచి ఎన్నోసార్లు గెలిచిన సభ్యుడు. 1999 ఫిబ్రవరిలో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు కానీ లోక్‌సభ సభ్యత్వం ఇంకా వదులుకోలేదు. ఏప్రిల్ 17న వాజపేయి విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు వచ్చాయి. గమాంగ్ ఓటు వ్యతిరేకంగా పడింది. ఆయన ఓటు వేయవచ్చా లేదా అన్న వాదం లేస్తే స్పీకర్ బాలయోగి గారు ఆ నిర్ణయాన్ని సభ్యుడి అంతరాత్మకే వదిలారు. ప్రభుత్వం ఆయన ఒక్కడి ఓటు వల్లే పడిపోయిందనడం లెక్క ప్రకారం సరి కాదు. 270 ఓట్లలో ప్రతి ఒక్కటీ ఆ ఒక్కటే.

పార్లమెంటులో తెలుగులో మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. 120వ అధికరణం ప్రకారం సభ హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ నడుస్తుంది. ఆ రెండింటిలో సరిగా చెప్పలేని సభ్యుడు సభాపతి అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చు. ముందుగా తెలియజేస్తే దుబాసీలను ఏర్పాటు చేస్తారు. ముద్రిత చర్చలో మాత్రం తెలుగు ప్రసంగం తెలుగు లిపిలో కనిపించదు. దాని ఇంగ్లీషు అనువాదం ఉంటుంది, పక్కన ఒక చుక్కగుర్తు, పుట అడుగున 'మొదట తెలుగులో చేసిన ప్రసంగం' అన్న అర్థంలో ఒక గమనిక. ఆ చిన్న గమనికను వేలితో తడిమి చూసిన కుర్రవాడు మా దగ్గర ఒకడున్నాడు.

ఒడిశాలో ఉంటున్న తెలుగువాళ్ళ భాష సంగతి పార్లమెంటుకు చేరే దారి ఏదైనా ఉందా?

రాజ్యాంగంలోనే ఉంది. 1956లో ఏడో సవరణతో చేరిన 350-ఏ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలను కోరుతుంది. 350-బి ప్రకారం వారికోసం ఒక ప్రత్యేకాధికారి ఉంటారు, ఆ అధికారి నివేదికలను పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచాలి. కాబట్టి ఊళ్ళో తెలుగు పంతులు లేడన్న మాట ఢిల్లీకి అందే మార్గం కాగితం మీద తెరిచే ఉంది. దానికి తోడు మన సభ్యుడు ప్రశ్న అడగవచ్చు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిమీద ఉపప్రశ్నలు కూడా వేయవచ్చు. రోజుకు అలాంటివి 20. గుర్తు లేనివాటికి రాతపూర్వక జవాబు వస్తుంది. లోక్‌సభ నియమావళిలోని 377వ నిబంధన కింద నియోజకవర్గం విషయాన్ని ప్రస్తావించడం మరో దారి. మీ సభ్యుడు ఏ పార్టీవారైనా సరే, ఒడియా మాట్లాడినా తెలుగు మాట్లాడినా సరే, ప్రశ్నను ఖచ్చితంగా రాసి ఇవ్వండి: ఏ బడి, ఏ తరగతి, ఎన్నాళ్ళుగా ఖాళీ.

చర్చలు ఎక్కడ దొరుకుతాయి? డబ్బు కట్టాలా?

కట్టనక్కర్లేదు. పార్లమెంటు డిజిటల్ గ్రంథాలయంలో లోక్‌సభ చర్చలు 1952 నుంచి ఉన్నాయి. అంతకుముందు కేంద్ర శాసనసభ చర్చలు కూడా ఉన్నాయి, గిరి గారి పాత ప్రసంగాలకు అక్కడికే వెళ్ళాలి. సంసద్ డాట్ ఇన్ నుంచి దారి దొరుకుతుంది. సభ్యుడి పేరుతో వెతికితే పేరు రకరకాల అక్షరక్రమాల్లో ఉండి కొన్ని తప్పిపోతాయి. తేదీతో వెతకడమే మేలు.

పుటల మధ్యలో నక్షత్రాల వరసలు, 'అంతరాయాలు' అన్న మాట వస్తుంటాయి. ఏమిటవి?

నక్షత్రాల వరస ఉంటే అక్కడి మాటలను సభాపతి ఆదేశంతో రికార్డు నుంచి తొలగించారని అర్థం. లోక్‌సభ నియమావళిలోని 380వ నిబంధన ఆ అధికారం ఇస్తుంది. 'అంతరాయాలు' అన్నచోట నలుగురైదుగురు ఒకేసారి మాట్లాడారు, రాసుకునేవాళ్ళు రాయలేకపోయారు. ఒక పుటలో ఎన్ని అంతరాయాలున్నాయో లెక్కపెడితే ఆ రోజు సభ వేడి తెలుస్తుంది. 1993 జులై పుటలను మా పట్టుచీరల దుకాణం ఆయన ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెడుతూ వచ్చి, ప్రధాని జవాబు దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ పక్కన పెట్టేశారు. "ఇక్కడ వింటున్నారండీ" అన్నారు.

మొదట ఏది చదవాలి?

1993 జులై 26 నుంచి 28 దాకా నడిచిన చర్చ. తర్వాత 1986 మే విద్యా విధానం చర్చ. గిరి గారికోసం మొదటి లోక్‌సభ కార్మిక చర్చలు.

మా నాయనమ్మకు ఇంగ్లీషు రాదు, హిందీ రాదు. ఆవిడకు ఎలా వినిపించాలి?

మీరు చదివి మీ ఇంటి తెలుగులో చెప్పండి. గ్రాంథికం వెతకవద్దు. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన పర్లాకిమిడి మనకు ఎంతో దూరం లేదు. మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన పోరాడింది ఇలాంటి అవసరాలకే. 'అవిశ్వాస తీర్మానం' అని ఆగిపోకుండా, 'ఈ ప్రభుత్వం మీద మాకు నమ్మకం లేదు, లెక్క తేల్చండి అని అడగడం' అని చెప్పండి.

గునుపురం అమ్మాయి పోయిన సెలవుల్లో తన అమ్మమ్మకు ఇలాగే వినిపించింది. చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న ఆవిడ రెండు పుటలయ్యేదాకా తల ఎత్తలేదట. పంచాయతీ సవరణలో ఆడవాళ్ళకు మూడో వంతు స్థానాలన్న మాట వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆపి, "ఆ ముక్క మళ్ళీ చదువమ్మా" అందట.